జో లీబర్‌మన్: శనివారం కారెక్కని సెనేటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా రాజకీయాలు గమనించేవాళ్లకు జో లీబర్‌మన్ అనగానే రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి, 2000లో అల్ గోర్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ యూదు నాయకుడని. రెండు, ఇరాక్ యుద్ధాన్ని సమర్థించి సొంత పార్టీ డెమోక్రాట్ల చేతుల్లోనే ఓడిపోయాడని. మతనిష్ఠ వల్ల ఓట్లు పోతాయేమోనని 2000లో చాలామంది గుంజాటన పడ్డారు. ఆ నిష్ఠ ఆయనకు పెద్దగా నష్టం చేసిన దాఖలా నాకైతే కనబడదు. నష్టం చేసింది యుద్ధమే. కింది జవాబులు చదివాక మీ అభిప్రాయం మీరే తేల్చుకోండి.

ఆయన పుట్టుపూర్వోత్తరాలు ఏమిటి?

పూర్తి పేరు జోసెఫ్ ఇసడోర్ లీబర్‌మన్. 1942 ఫిబ్రవరి 24న కనెక్టికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫోర్డ్‌లో పుట్టారు. నాన్న హెన్రీది మద్యం దుకాణం. యేల్ యూనివర్సిటీలో 1964లో డిగ్రీ, 1967లో లా పూర్తిచేశారు. కాలేజీలో ఉండగా అక్కడి విద్యార్థుల దినపత్రికకు సంపాదకుడు. 1963లో నల్లజాతివారి ఓటు హక్కు కోసం పనిచేయడానికి మిసిసిపీ వెళ్లిన విద్యార్థుల్లో ఆయనా ఉన్నారు. ఆ రోజుల్లో ఉత్తరాది కుర్రాళ్లు మిసిసిపీలో ఆ పని మీద తిరగడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

చిన్నప్పటి నుంచీ అంత నిష్ఠగానే ఉండేవారా?

పెరిగింది ఆచారాలు పాటించే ఇంట్లోనే. 'బాబా' అని పిలుచుకునే అమ్మమ్మ ప్రభావం ఆయన మీద చాలా ఉంది. యేల్‌కి వెళ్లాక నియమాలు సడలాయి. 1967లో అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత మళ్లీ సబ్బాతు (శనివారపు విశ్రాంతి దినం), ఆహార నియమాలు పట్టుకున్నారు, ఇక వదల్లేదు. తరాల మధ్య ఉన్న గొలుసులో తన దగ్గరే లంకె తెగిపోతుందేమోనన్న భావన తనను వెనక్కి తెచ్చిందని ఆయన చెప్పుకున్నారు. తనను 'ఆర్థొడాక్స్' (కఠిన సంప్రదాయ యూదుడు) అనడం కన్నా 'ఆచారం పాటించే యూదుడు' అనడమే ఆయనకు ఇష్టంగా ఉండేది. నియమాలన్నీ నూటికి నూరుపాళ్లు పాటిస్తున్నానని చెప్పుకోలేని మనిషి జాగ్రత్త అది.

రాజకీయాల్లోకి ఎప్పుడు వచ్చారు?

1970లో కనెక్టికట్ రాష్ట్ర సెనేట్‌కి గెలిచారు. ఆ ఎన్నికలో ఆయన కోసం పనిచేసిన కుర్రాళ్లలో యేల్ లా స్కూల్ విద్యార్థి ఒకడున్నాడు, పేరు బిల్ క్లింటన్. పదేళ్లు రాష్ట్ర సెనేట్‌లో ఉండి, అందులో ఆరేళ్లు మెజారిటీ నాయకుడిగా చేశారు. 1980లో అమెరికా ప్రతినిధుల సభకు పోటీచేసి ఓడిపోయారు. 1983 నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్. పర్యావరణం, వినియోగదారుల కేసులతో టీవీలో తరచూ కనిపించి ఇంటింటికీ తెలిసిన పేరయ్యారు. సెనేట్ సీటుకు అదే పునాది.

సబ్బాతు నాడు ఏం చేయకూడదు? శనివారం సెనేట్‌లో ఓటింగ్ ఉంటే ఎలా?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కొంచెం వివరంగా చెప్పాలి.

తెలుగు బైబిల్ చదివినవాళ్లకు 'విశ్రాంతి దినము' తెలిసిందే. యూదులకు అది శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటిపడి నక్షత్రాలు కనిపించేదాకా సాగుతుంది. ఆ వేళలో కారు నడపకూడదు, ఎక్కకూడదు. లైటు స్విచ్ వేయకూడదు, ఆర్పకూడదు. ఫోన్ ముట్టకూడదు, రాయకూడదు, డబ్బు చేతబట్టకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టొచ్చు, పెట్టి తీరాలి కూడా. సమాజానికి తప్పనిసరైన పనుల విషయంలోనూ యూదు ధర్మశాస్త్రంలో కొంత వెసులుబాటు ఉంది.

లీబర్‌మన్ గీసుకున్న గీత దీని మీదే. ఎన్నికల ప్రచారం, పార్టీ సభలు, విరాళాల విందులు తన సొంత పనులు కాబట్టి శనివారం వాటి జోలికి వెళ్లేవారు కాదు. దేశభద్రత, ప్రజల బాగోగులతో ముడిపడ్డ ఓటింగ్ జనం తన మీద పెట్టిన బాధ్యత, కాబట్టి వెళ్లేవారు. వెళ్లడం మాత్రం నడిచే. జార్జ్‌టౌన్‌లోని ఆయన ప్రార్థనామందిరం నుంచి సెనేట్ సమావేశమయ్యే క్యాపిటల్ భవనం సుమారు నాలుగు మైళ్లు. చలికాలంలో, చీకట్లో, వెంట పోలీసు కాపలాతో ఆ దూరం నడిచిన సందర్భాలున్నాయి.

ఇక్కడ సెనేట్ పాతకాలపు పద్ధతి ఆయనకు కలిసొచ్చింది. ప్రతినిధుల సభలో 1973 నుంచి ఎలక్ట్రానిక్ కార్డుతో ఓటేస్తారు. సెనేట్‌లో ఇప్పటికీ గుమస్తా పేర్లు పిలుస్తాడు, సభ్యుడు నోటితోనో చేతి సైగతోనో చెబుతాడు. మీట నొక్కే పని లేదు, కలం పట్టే పని లేదు. ఆయన 1980లో ప్రతినిధుల సభకు గెలిచి ఉంటే శనివారం ఓటింగ్ పెద్ద చిక్కే అయ్యేది.

ఇంకో ముచ్చట. సెనేట్‌కి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక శుక్రవారం రాత్రి సభ పొద్దుపోయేదాకా సాగింది. ఇంటికి నడిచి వెళ్లే దూరం కాదు, అక్కడే ఎక్కడో మంచం వేసుకుని పడుకుందామనుకున్నారు. టెనెసీ సెనేటర్ అల్ గోర్ అడ్డుపడి, క్యాపిటల్ పక్కనే ఉన్న తన తల్లిదండ్రుల అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లాడు. స్విచ్ ముట్టకూడదు కదా, గదిలో లైట్ల పని గోరే చూశాడు. యూదుల ఇళ్లలో అలా సాయం చేసే పొరుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. తర్వాత ఉపాధ్యక్షుడయ్యే మనిషి చేసిపెట్టడం మాత్రం అరుదు.

తిండి సంగతి?

కోషర్ నియమాలు పాటించేవారు. పంది మాంసం, రొయ్యలు, పీతల్లాంటివి నిషిద్ధం. మాంసం, పాలు కలిపి తినకూడదు. జంతువును ఒక పద్ధతిలో కోయాలి. మాంసం పాత్రలు, పాల పాత్రలు వేరువేరు. మన మడి ఇళ్లలో వంటగది గురించి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అన్నిరకాల విందులకీ వెళ్లక తప్పని రాజకీయ నాయకుడికి అది తేలికైన నియమం కాదు.

1988లో సిట్టింగ్ సెనేటర్‌ని ఎలా ఓడించారు?

ఎదుటి మనిషి లోవెల్ వైకర్ మూడుసార్లు గెలిచిన రిపబ్లికన్. భారీ విగ్రహం, రిపబ్లికన్ అయినా ఉదారవాది. లీబర్‌మన్ ఆయన్ని ఎడమవైపు నుంచి కాక కుడివైపు నుంచి ఢీకొన్నారు. సంప్రదాయవాద పాత్రికేయుడు విలియం బక్లీ సైతం ఈ డెమోక్రాట్‌కి మద్దతు పలికాడు. అన్నిటికన్నా పేలింది ఒక టీవీ ప్రకటన: గుహలో నిద్రపోతున్న ఎలుగుబంటి బొమ్మ వేసి, ముఖ్యమైన ఓటింగులప్పుడు వైకర్ ఇలా నిద్రపోతున్నాడని ఎగతాళి చేశారు. వారానికో రోజు పని ముట్టని మనిషి అవతలివాడి హాజరుపట్టీ తీయడం భలే ధైర్యం అనిపిస్తుంది నాకు.

అదే ఏడాది ఆయన్ని అభ్యర్థిగా ప్రకటించే రాష్ట్ర పార్టీ మహాసభ శనివారం పడింది. వెళ్లలేదు. ముందే రికార్డు చేసిన వీడియో పంపారు. జనం దాన్ని తప్పుపట్టలేదు. నవంబరులో సుమారు 10,000 ఓట్ల తేడాతో బయటపడ్డారు. 1994లో 67 శాతం ఓట్లు తెచ్చుకున్నారు.

సొంత పార్టీ అధ్యక్షుడు క్లింటన్‌ని సభలో నిలదీశారట, నిజమేనా?

నిజమే. 1998 సెప్టెంబరు 3న, వైట్‌హౌస్‌లో పనిచేసిన మోనికా లూయిన్‌స్కీతో సంబంధం వ్యవహారంలో క్లింటన్ చేసింది అనైతికమని సెనేట్‌లో నిలబడి చెప్పారు. డెమోక్రాట్లలో ఆ మాట అంత బాహాటంగా అన్న మొదటి ప్రముఖుడు ఆయనే. 1970లో తన కోసం పనిచేసిన ఆ విద్యార్థి కార్యకర్తకూ ఈయనకూ 28 ఏళ్ల పరిచయం మరి. అయితే 1999 ఫిబ్రవరిలో అభిశంసన ఓటింగుకు వచ్చేసరికి పదవి నుంచి తొలగించడానికి ఒప్పుకోలేదు. తప్పు వేరు, పదవి తీసేసేంత నేరం వేరు అన్నది ఆయన వాదన.

గోర్ ఆయన్నే ఎందుకు ఎంచుకున్నారు?

ఆ ప్రసంగమే ముఖ్య కారణం. ఎనిమిదేళ్లు క్లింటన్ దగ్గర ఉపాధ్యక్షుడిగా ఉన్న గోర్‌కి ఆ మరక అంటకుండా చూసుకోవాలి. క్లింటన్‌ని తప్పుపట్టిన మనిషిని పక్కన నిలబెట్టుకుంటే పని సగం అయినట్టే. 2000 ఆగస్టు 8న నాష్‌విల్‌లో ఇద్దరూ కలిసి జనం ముందుకొచ్చారు. రెండు పెద్ద పార్టీల్లో దేని తరఫున అయినా అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు నిలబడ్డ మొదటి యూదుడు లీబర్‌మన్.

యూదుడన్న కారణంతో ఓట్లు పోలేదా?

కంగారు పడ్డవాళ్లలో యూదులే ఎక్కువ. దేశంలో ఏదైనా తేడా వస్తే నింద తమ మీద పడుతుందేమోనని పెద్దతరం భయం. 1928లో క్యాథలిక్ అయిన అల్ స్మిత్ చిత్తుగా ఓడటం, 1960లో కెనడీ తన మతం గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం వాళ్లకు తెలుసు.

జరిగింది వేరు. ప్రొటెస్టెంట్ అమెరికాలో దేవుణ్ని గట్టిగా నమ్మే మనిషంటే, ఏ మతమైనా సరే, ఒక గౌరవం ఉంది. లీబర్‌మన్ వేదికల మీద దేవుడి పేరు ఎంత ధారాళంగా ఎత్తారంటే, ఆ ఆగస్టు చివర్లో యూదుల హక్కుల సంస్థ యాంటీ డిఫమేషన్ లీగ్ ఆయనకే లేఖ రాసింది, ప్రచారంలో మతాన్ని కాస్త తగ్గించమని. యూదు అభ్యర్థి మతం మాట్లాడటం ఎక్కువైందని చెప్పింది క్రైస్తవులు కాదు, యూదు సంస్థ.

ఫలితం తెలిసిందే. దేశం మొత్తంలో బుష్–చెనీ జంట కన్నా సుమారు 5.4 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. ఫ్లారిడాలో 537 ఓట్ల తేడా, డిసెంబరు 12న మళ్లీ లెక్కింపు ఆపేస్తూ సుప్రీంకోర్టు తీర్పు. రాష్ట్రాలవారీగా లెక్కేసి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో 271–266తో ఓటమి.

గెలిచి ఉంటే సబ్బాతు నాడు ఉపాధ్యక్షుడి పని ఎలా చేసేవారు?

పరీక్ష మొదటి రోజే ఎదురయ్యేది. 2001 జనవరి 20 శనివారం. ప్రమాణ స్వీకారమే సబ్బాతు నాడు. నడిచి వచ్చి, మైకుల ముందు ప్రమాణం చేసి, ఊరేగింపు సంగతి ఏం చేసేవారో, పాపం, ఆయన రబ్బీలకు (యూదు మతగురువులకు) ఆ లెక్క తేల్చే అవసరం రాలేదు.

అదే ఎన్నికలో సెనేట్ సీటుకీ పోటీచేశారా?

చేశారు, 63 శాతం ఓట్లతో గెలిచారు కూడా. కనెక్టికట్ చట్టం అడ్డుచెప్పదు. పార్టీలో మాత్రం చాలామందికి ఒళ్లు మండింది. ఆయన ఉపాధ్యక్షుడైతే ఖాళీ అయ్యే సీటును నింపేది రాష్ట్ర గవర్నరు, ఆయన రిపబ్లికన్. ఎన్నికల తర్వాత సెనేట్ సరిగ్గా 50–50గా తేలింది. అంటే గోర్ గెలిచి ఉంటే సెనేట్ పోయేది. తన వెనక్కి ఒక తలుపు తెరిచి ఉంచుకోవడం ఈయన అలవాటు. 2006లో అదే అక్కరకొచ్చింది.

మతం ప్రకారమే చట్టాలకు ఓటేశారా?

అలా ఊహించుకుని చూస్తే లెక్క కుదరదు. గర్భస్రావ హక్కును సమర్థించారు. దానికి కొందరు ఆర్థొడాక్స్ రబ్బీలు ఆయన్ని విమర్శించారు. స్వలింగ సంపర్కులు తమ సంగతి దాచుకుంటేనే సైన్యంలో ఉండనిచ్చే నిబంధన రద్దుకు సెనేట్‌లో ముందు నిలిచింది ఈయన, రిపబ్లికన్ సూసన్ కాలిన్స్. 65–31తో ఆ బిల్లు నెగ్గింది 2010 డిసెంబరు 18న. ఆ రోజు శనివారం. సబ్బాతు నాడు, నియమం ప్రకారం నడిచి వచ్చి, సంప్రదాయ మతపెద్దలు మెచ్చని బిల్లును గట్టెక్కించిన మనిషిని ఏ గాటన కట్టాలి?

మతం ప్రభావం కనిపించేది వినోద పరిశ్రమ విషయంలో. సినిమాల్లో, టీవీలో, పాటల్లో హింస, అసభ్యత మీద ఏళ్ల తరబడి పోరారు. 1993 డిసెంబరులో హెర్బ్ కోల్‌తో కలిసి వీడియో గేమ్‌ల మీద సెనేట్‌లో విచారణ పెట్టారు. 'మోర్టల్ కోంబాట్'లో తలలు తెగే దృశ్యాలు సెనేటర్లకు వేసి చూపించారు. ప్రభుత్వం ఎక్కడ చట్టం తెస్తుందోనని పరిశ్రమే 1994లో రేటింగ్ బోర్డు పెట్టుకుంది. అమెరికాలో పిల్లలకు గేమ్ కొంటున్నప్పుడు అట్ట మీద కనిపించే వయసు గుర్తు వెనక కథ ఇదే.

సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆయన పాత్ర ఏమిటి?

దేశ అంతర్గత భద్రత చూసే, హోంల్యాండ్ సెక్యూరిటీ పేరుతో ఇప్పుడున్న మంత్రిత్వ శాఖ కోసం 2001 అక్టోబరులోనే బిల్లు పెట్టారు. బుష్ ప్రభుత్వం మొదట వద్దంది. 2002 జూన్‌లో మనసు మార్చుకుని తన ప్రతిపాదనగా తెచ్చింది. నవంబరులో చట్టమైంది. దాడులపై విచారణ సంఘం కోసం రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్‌తో కలిసి పట్టుబట్టిందీ ఈయనే.

2004లో అధ్యక్ష పదవికి నిలబడ్డారు కదా?

నిలబడ్డారు, నిలవలేదు. గోర్ మళ్లీ పోటీచేస్తే తాను చేయనని మాటిచ్చి, ఆయన తప్పుకునేదాకా ఆగారు. 2003 డిసెంబరులో గోర్ ఈయనకు ముందుగా చెప్పకుండానే మరో పోటీదారు హవర్డ్ డీన్‌కి మద్దతు ప్రకటించారు. న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానం, 2004 ఫిబ్రవరి 3న విరమణ.

2006లో సొంత పార్టీ ఎందుకు ఓడించింది?

ఇరాక్. 2002లో యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానాన్ని ఆయన మరికొందరితో కలిసి ప్రవేశపెట్టారు. అప్పట్లో చాలామంది డెమోక్రాట్లు దానికి ఓటేశారు, తర్వాత చెంపలేసుకున్నారు. ఈయన వేసుకోలేదు. మారణాయుధాలు దొరక్కపోయినా, శవపేటికలు తిరిగొస్తున్నా, యుద్ధం సరైనదేనని, వెనక్కి రావద్దని వాదించారు. 2005 ఫిబ్రవరిలో పార్లమెంటులో ప్రసంగం ముగించి వెళ్తూ బుష్ ఈయన తల దగ్గరకు తీసుకుని చెంపకు ముఖం ఆనించాడు. ఆ దృశ్యం బ్యాడ్జీల మీదికి, ఊరేగింపు బొమ్మల మీదికి ఎక్కింది.

కేబుల్ టీవీ వ్యాపారి నెడ్ లమాంట్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే లోపలి ఎన్నికలో, పోటీకి దిగాడు. బ్లాగుల్లో రాసే కార్యకర్తలు అతని వెనక నిలిచారు. ఆగస్టు 8న సుమారు 52–48తో లీబర్‌మన్ ఓడిపోయారు. నాష్‌విల్‌లో గోర్ పక్కన చెయ్యూపి ఆ రోజుకు సరిగ్గా ఆరేళ్లు.

ఆ రాత్రే స్వతంత్రంగా పోటీచేస్తానన్నారు. 'కనెక్టికట్ ఫర్ లీబర్‌మన్' అనే కొత్త పార్టీ పేరుతో బరిలో ఉన్నారు. పాత మిత్రులు ఒక్కొక్కరే లమాంట్ వైపు జరిగారు. ప్రైమరీలో ఈయన్ని బలపరిచిన బరాక్ ఒబామా కూడా. రిపబ్లికన్ అభ్యర్థి మరీ బలహీనం, ఆ పార్టీ ఓటర్లు చాలామంది ఈయనకే వేశారు. నవంబరులో లీబర్‌మన్‌కి దాదాపు 50 శాతం, లమాంట్‌కి దాదాపు 40. సెనేట్ 51–49గా తేలడంతో, ఓడించిన పార్టీకే ఈయన ఓటు లేనిదే మెజారిటీ లేదు. సబ్బాతు సంగతి ఆ ఎన్నిక మొత్తంలో చర్చకే రాలేదు.

మెకెయిన్‌ని సమర్థించాక కూడా డెమోక్రాట్లు ఎందుకు భరించారు?

2008 రిపబ్లికన్ మహాసభలో, ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థి మెకెయిన్ కోసం ఈయన ప్రసంగించారు. మెకెయిన్ అసలు ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఈయన్నే తీసుకోవాలనుకున్నారు. గర్భస్రావ హక్కును సమర్థించే మనిషిని పార్టీ ఒప్పుకోదని సలహాదారులు ఆపారు, సారా పేలిన్ వచ్చారు. సలహాదారుల మాట వినకుండా ఉండాల్సిందని మెకెయిన్ చివరి రోజుల్లో రాసుకున్నారు. ఒబామా గెలిచాక ఈయన్ని సెనేట్ కమిటీ అధ్యక్ష స్థానం నుంచి తీసేయాలని చాలామంది కోరారు. ఒబామాయే వద్దన్నారు. డెమోక్రాట్ సెనేటర్ల ఓటింగులో 42–13తో పదవి నిలిచింది. మనసు పెద్దది కావడం ఒక్కటే కారణమనుకోకండి, సెనేట్‌లో అడ్డంకులు దాటి బిల్లు నెగ్గాలంటే కావాల్సిన అరవై ఓట్ల అవసరం అలాంటిది.

ఒబామా ఆరోగ్య బీమా చట్టంలో ఆయన చేసిన అడ్డంకి ఏమిటి?

2009లో ఆ అరవయ్యో ఓటు ఈయనదే. ప్రభుత్వమే నడిపే బీమా పథకం ఉంటే ఓటేయనన్నారు, తీసేశారు. దాని బదులు 55 ఏళ్లు దాటినవాళ్లు వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కొనుక్కునే వీలు కల్పిద్దామన్నారు. దానికీ అడ్డుపడ్డారు, మూడు నెలల కిందట ఆ ఆలోచనకు తానే సుముఖత చూపించి కూడా. ఖర్చు, అప్పు భయమన్నది ఆయన జవాబు. కనెక్టికట్ బీమా కంపెనీల అడ్డా అని విమర్శకులు గుర్తుచేశారు. ఆయన రాజకీయ జీవితంలో నాకు సమర్థించడానికి మాట దొరకనిది ఈ ఒక్క ఘట్టం.

ఇజ్రాయెల్ నాయకుడు లీబర్‌మన్ ఈయన బంధువా?

కాదు. వార్తల్లో వచ్చే అవిగ్డోర్ లీబర్‌మన్ మల్డోవాలో పుట్టి ఇజ్రాయెల్ వెళ్లిన నాయకుడు. మతపార్టీలంటే పడనివాడు.

పదవి వదిలాక ఏం చేశారు? ఎప్పుడు పోయారు?

2013 జనవరిలో సెనేట్ నుంచి తప్పుకున్నారు. న్యాయవాద వృత్తి, యెషీవా యూనివర్సిటీలో బోధన, రెండు పార్టీలకూ మధ్య దారి వెతికే 'నో లేబెల్స్' సంస్థ. 2016లో హిల్లరీ క్లింటన్‌ని, 2020లో బైడెన్‌ని సమర్థించారు. 2024 మార్చిలో ఇజ్రాయెల్‌లో కొత్త ఎన్నికలు రావాలన్న సెనేట్ నాయకుడు చక్ షూమర్‌ని తప్పుపడుతూ పత్రికలో వ్యాసం రాశారు. కొద్దిరోజులకే, మార్చి 27న, జారిపడ్డ దెబ్బల వల్ల న్యూయార్క్‌లో చనిపోయారు. వయసు 82. అంత్యక్రియలు స్టామ్‌ఫోర్డ్‌లో, శుక్రవారం, సబ్బాతు మొదలవకముందే. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో రెండు పార్టీలకు బయట మూడో అభ్యర్థిని నిలబెట్టే ప్రయత్నాన్ని 'నో లేబెల్స్' ఏప్రిల్ మొదటివారంలో విరమించుకుంది.

కుటుంబంలో ఇంకెవరైనా రాజకీయాల్లో ఉన్నారా?

భార్య హడాసా ప్రాగ్‌లో పుట్టారు, నాజీ మారణకాండ నుంచి బయటపడ్డ దంపతుల బిడ్డ. 2000 ప్రచారంలో భర్తకు సమానంగా వేదికలెక్కారు. ఆమె మొదటి పెళ్లి ద్వారా కలిగిన కొడుకు ఈథన్ టకర్ రబ్బీ. లీబర్‌మన్ మొదటి పెళ్లి ద్వారా కలిగిన కొడుకు మ్యాట్ 2020లో జార్జియా నుంచి సెనేట్‌కి డెమోక్రాట్‌గా పోటీచేశాడు. అదే సీటుకు నిలబడ్డ మరో డెమోక్రాట్ రఫేల్ వార్నాక్ ఓట్లు చీలుతాయి, తప్పుకోమని పార్టీ పెద్దలు ఒత్తిడి తెచ్చారు. తప్పుకోలేదు. మూడు శాతం ఓట్లు కూడా రాలేదు. రెండో విడతలో వార్నాక్ గెలిచారు.